వాట్ల కథ : మైకుసెట్టు నుండి కారు తలుపు దాకా

1885లో మా కడప జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి బృందం 'కీచకవధ' నాటకం ఆడిననాడు వేదిక మీద మైకు లేదు, వెనుక ఆంప్లిఫయరు లేదు. ఆ మాటకొస్తే ఆంప్లిఫయరు ప్రపంచంలో ఎక్కడా లేదు. ద్రౌపది మొర చివరి వరుసలో కూర్చున్న రైతుకు వినిపించాలంటే ఆ పాత్రధారి గొంతే అంతదూరం పోవాలి. శ్రుతి పెంచి, అచ్చును సాగదీసి, రాగాన్ని పట్టుకొని నిలిచే మన పద్యనాటక గానశైలికి రసదృష్టితో చెప్పదగిన కారణాలు ఎన్ని ఉన్నా, ఈ భౌతిక కారణం కూడా ఒకటుందని నా అభిప్రాయం. అచ్చులు దూరం పోతాయి, హల్లులు దారిలోనే రాలిపోతాయి. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత దీనితో పని పడుతుంది.

సాహిత్యం మాట్లాడవలసిన చోట ఆంప్లిఫయర్ల గోల ఏమిటని మిత్రులకు అనిపించవచ్చు. కమలాపురంలో బాడుగకారు నడుపుకొనే యువకుడొకడు, నా పూర్వవిద్యార్థి, ఈమధ్య ఇంటికి వచ్చి ఒక సందేహం అడిగాడు. "అయ్యోరా, వెయ్యి వాట్లదంట. ఆరు వేలకే ఇస్తాండాడు. తలుపులకుండే స్పీకర్లకు అది బిగిస్తే ఇంగ తిరుగుండదంటాండాడు. తీసుకోవచ్చునా?" తెలుగు పండితుణ్ణి ఈ ప్రశ్న అడగడానికి కారణం లేకపోలేదు. బడిలో వార్షికోత్సవం వచ్చినా, ఆగస్టు పదిహేను వచ్చినా మైకుసెట్టు బాధ్యత తెలుగు అయ్యవారి నెత్తినే పడేది. ప్రార్థనాగీతం ఆయనదే, నాటకం ఆయనదే, కాబట్టి కీచుమని అరిచే మైకూ ఆయనదే! ముప్పైయేళ్ళ ఆ వెట్టిచాకిరీలో కొంత విద్య అబ్బింది. కారు ఇంకా అప్పు మీదే నడుస్తున్న ఆ అబ్బాయికి ఆరు వేలు చిన్న మొత్తం కాదు. అతనికి చెప్పినదాన్నే, అప్పుడు సమయం చాలక వదిలేసిన చరిత్రతో కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆంప్లిఫయరు అంటే ధ్వనివర్ధకం. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ మూడు ధ్రువాల వాల్వును తయారుచేశాడు. బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని పెంచడానికి అది పనికివస్తుందని తేలేసరికి మరి ఆరేళ్ళు పట్టింది. 1915 క్రిస్మస్ ముందునాటి సాయంత్రం జెన్సెన్, ప్రిడామ్ అనే ఇద్దరు మిత్రులు శాన్ ఫ్రాన్సిస్కో నగర మందిరం వద్ద గుమిగూడిన మహాజనానికి లౌడ్‌స్పీకరుతో పాటలు వినిపించారు. 1919లో అధ్యక్షుడు విల్సన్ శాన్ డియాగోలో ఏబైవేల మందిని ఉద్దేశించి అదే యంత్రంతో ప్రసంగించాడు. మన దేశంలో చికాగో రేడియో అనే పేరుతో మోత్వానీ కుటుంబం నడిపిన సంస్థ 1931 కరాచీ కాంగ్రెసు సభకు లౌడ్‌స్పీకర్లు అమర్చింది. గాంధీగారిది పెద్ద గొంతు కాదు. ఆ మెల్లని మాట లక్షలమందికి చేరడంలో ఆ గొట్టాల పాత్ర మన చరిత్ర పుస్తకాలలో రావలసినంత రాలేదు.

మా ఊళ్ళకు వచ్చేసరికి ఆ గొట్టమే మైకుసెట్టయింది. పెళ్ళికి, శ్రీరామనవమికి, దర్గా ఉరుసుకు, పుష్పగిరి తిరునాళ్ళకు, సినిమా ప్రచారానికి అదే. అహూజా అన్న పేరు మా వైపు చాలాకాలం ఆంప్లిఫయరుకు పర్యాయపదంగా చెల్లింది. కరెంటు రాని పల్లెలకు పోవలసివస్తే మైకుసెట్టాయన లారీ బ్యాటరీ ఒకటి బండిలో వేసుకొనేవాడు. ఆ ఆంప్లిఫయర్లు కరెంటుతోనూ, 12 వోల్టుల బ్యాటరీతోనూ పనిచేసేవి. ఎన్నికలొస్తే అదే బ్యాటరీ, అదే ఆంప్లిఫయరు జీపులోకి ఎక్కేవి, గొట్టాలు జీపు నెత్తికెక్కేవి. కనుక మా సీమలో వాహనానికి ఆంప్లిఫయరు మొదట లోపలివాళ్ళ కోసం రాలేదు, బయటివాళ్ళ కోసం వచ్చింది. తలుపు స్పీకర్ల ముచ్చట చాలా తరువాతిది.

ఆ మైకుసెట్టాయనకు పెద్ద చదువు ఉండేది కాదు గానీ, నేటి దుకాణదారులలో చాలామందికి లేని జ్ఞానం ఒకటుండేది. ఆంప్లిఫయరు వెనుక 4, 8, 16 ఓమ్‌లని గుర్తులుండే మరలుంటాయి. రెండు గొట్టాలు కడితే తీగ ఏ మరకు బిగించాలో, నాలుగు కడితే దేనికి బిగించాలో ఆయనకు కంఠతా వచ్చు. తప్పు మరకు బిగిస్తే ఒకటి గొంతు పోతుంది, లేదా వాసన వస్తుంది. 'ఇది ఎన్ని వాట్లు?' అని ఆయన ఎన్నడూ మొదట అడగలేదు. 'దీనికి ఏ గొట్టాలు, ఎన్ని?' అనేవాడు. పదకొండవ శతాబ్దంలో కాశ్మీరంలో క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు. హారం నడుముకు, వడ్డాణం మెడకు పెట్టుకొంటే నగ బంగారమైనా నవ్వులపాలే కదా! మైకుసెట్టాయన క్షేమేంద్రుణ్ణి చదవకుండానే ఔచిత్యవాది.

ఇక గొట్టానికీ, కారు తలుపులోని స్పీకరుకూ ఉన్న తేడా చూడండి. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం పలుకుతుందన్నది స్పీకరు గుణాన్ని చెప్పే కొలత. గొట్టం నూరు డెసిబెల్‌లు సునాయాసంగా దాటుతుంది. తలుపు స్పీకరు తొంభైకి అటూ ఇటూ ఉంటుంది. వాటి మధ్య తేడా పదిహేను డెసిబెల్‌లు అనుకొంటే, శక్తిలో అది దాదాపు ముప్పై రెట్లు. ఊరందరికీ హరికథ వినిపించిన ముప్పై వాట్ల ఆంప్లిఫయరు కారులో నలుగురికే సరిపోవడంలో వింత లేదు. అయితే ఆ నలుగురూ స్పీకరుకు మూరెడు దూరంలో ఉన్నారన్న సంగతి కూడా లెక్కలోకి రావాలి. వాళ్ళు మామూలుగా వినేటప్పుడు ఖర్చయ్యేది ఒకటి రెండు వాట్లే. మృదంగం మీద గట్టి దెబ్బ పడినప్పుడు, డప్పు మోగినప్పుడు క్షణకాలం దానికి పదింతలు కావాలి. ఆ పదింతలు ఇవ్వగల శక్తి ఆంప్లిఫయరుకు ఉండాలి. అంతకుమించినది గోడౌనులో ధాన్యం వంటిది.

కారు లోపలి ధ్వని చరిత్ర అంతా ఒక్క చిక్కు చుట్టూ తిరిగింది. బ్యాటరీ వోల్టేజి చాలదన్నదే ఆ చిక్కు. 1930లో చికాగోకు చెందిన గాల్విన్ సోదరులు కారులో బిగించే రేడియోను అమ్మకానికి పెట్టి దానికి మోటొరోలా అని పేరు పెట్టారు. ఆ తరువాత ఆ సంస్థకే ఆ పేరు స్థిరపడింది. 1932లో జర్మనీలో బ్లావ్‌పుంక్ట్ వారి కారు రేడియో వచ్చింది. ఆనాటి కార్లలో చాలావాటి బ్యాటరీ 6 వోల్టులది. వాల్వులకు వందల వోల్టులు కావాలి. మొదట్లో కారు అడుగున వేరే బ్యాటరీలు దాచేవారు. తరువాత వైబ్రేటర్ అనే చిన్న పరికరం వచ్చింది. అది సెకనుకు నూటికి పైగా సార్లు కొట్టుకొంటూ బ్యాటరీ కరెంటును తుంచి తుంచి ట్రాన్స్‌ఫార్మరుకు అందిస్తే, అది వోల్టేజిని పెంచి వాల్వులకు ఇచ్చేది. ఆ పాత కారు రేడియోలు తుమ్మెదలా గుయ్యిమనేవని చెబుతారు. ఆ గుయ్యి వైబ్రేటరుదే.

1947 చివర బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1955లో అమెరికాలోనే పూర్తిగా ట్రాన్సిస్టర్లతో చేసిన కారు రేడియో వచ్చింది. ట్రాన్సిస్టరుకు 12 వోల్టులు చాలు. వైబ్రేటర్ పని తీరింది. చిక్కు విడిపోయిందనుకొన్నారు. కాని అది వేరే వేషంలో నిలిచే ఉంది. ఇంజను నడుస్తున్న కారులో వోల్టేజి 14.4 దాకా ఉంటుంది. స్పీకరు రెండు కొసలనూ రెండువైపులనుండి నడిపినా (నేటి డెక్కులన్నీ ఇలాగే చేస్తాయి) అలకు దక్కే శిఖరం 14.4 వోల్టులే, సగటు లెక్కన సుమారు పది. పదిని పదితో గుణించి స్పీకరు 4 ఓమ్‌లతో భాగిస్తే ఇరవైఅయిదు వాట్లు. నష్టాలు పోగా పద్దెనిమిది, ఇరవై మిగులుతాయి. ఇది ఏడవ తరగతి లెక్క. డెక్కు ముఖాన 'నాలుగు యాభైలు' అని ముద్రించినా ఈ లెక్క మారదు. కారు స్పీకర్లు ఇళ్ళలోని వాటిలా 8 ఓమ్‌లు కాక 4 ఓమ్‌లుగా ఉండడానికి కారణం కూడా ఇదే. వోల్టేజి లేనిచోట కరెంటునైనా ఎక్కువ లాగాలన్న ఉపాయం అది.

కనుక ఆ ఇరవై వాట్లు చాలనివారికి దారి ఒక్కటే. వోల్టేజిని మళ్ళీ పెంచాలి. 1970లలో అమెరికాలో కారుకు ప్రత్యేకమైన ఆంప్లిఫయర్లు వచ్చాయి. అరిజోనాకు చెందిన జిమ్ ఫాస్గేట్ 1973లో చేసినది వాటిలో ప్రసిద్ధమైనది. నేటి కారు ఆంప్లిఫయరును విప్పితే సగం స్థలం ధ్వనికి సంబంధించినదే కాదు. బ్యాటరీ కరెంటును సెకనుకు వేలసార్లు తుంచి, ట్రాన్స్‌ఫార్మరు గుండా పెంచే భాగమది. అంటే చనిపోయిందనుకొన్న వైబ్రేటర్ ట్రాన్సిస్టర్ల రూపంలో పునర్జన్మ ఎత్తిందన్నమాట. 4 ఓమ్‌లలో యాభై వాట్లకు అల శిఖరం 20 వోల్టులు కావాలి, నూరు వాట్లకు 28 కావాలి. ఆ అదనపు వోల్టుల కోసమే మనం డబ్బు పెట్టేది. డెక్కు ఇచ్చే ఇరవైకి పైన ఏమీ పెంచలేని డబ్బాను కొనడం, ఊరబావిలో నీళ్ళుండగా అవే నీళ్ళను కొనుక్కోవడం వంటిది.

ఇక్కడ అబద్ధాల చరిత్ర మొదలవుతుంది. 1964లో ఇంగ్లండులో సింక్లెయిర్ సంస్థ, ఈనాడు డి తరగతి అని పిలుస్తున్న పద్ధతిలో, పది వాట్లదని చెప్పి ఒక చిన్న ఆంప్లిఫయరును అమ్మింది. అది నిజానికి ఇచ్చినది రెండున్నర వాట్లు. పద్ధతి మంచిదే, అంకె తప్పు. అమెరికాలో ఇలాంటి అంకెలు ముదిరి 1974లో ప్రభుత్వమే ఇళ్ళలో వాడే ఆంప్లిఫయర్ల వాట్లను ఎలా ప్రకటించాలో నియమం చేయవలసివచ్చింది. కార్లు ఆ నియమంలోకి రాలేదు. మన దేశంలో 1990లలో టేపురికార్డర్ల మీద పి.ఎం.పి.ఓ. అనే నాలుగు అక్షరాలు వెలిశాయి. దాన్ని కొలిచే పద్ధతికి ప్రమాణమంటూ ఏదీ లేదు. అయిదారు వాట్ల డబ్బా మీద వెయ్యి అని, రెండు వేలని రాసుకొనేవారు. అలంకారశాస్త్రంలో అతిశయోక్తికి కూడా ఒక లక్షణం ఉంది. దీనికి అదీ లేదు! చివరకు 2003లో అక్కడి ఎలక్ట్రానిక్స్ తయారీదారుల సంఘమే సి.ఇ.ఏ.-2006 అనే ప్రమాణాన్ని రూపొందించింది. 14.4 వోల్టులు, 4 ఓమ్‌లు, వికృతి ఒక శాతానికి మించకుండా నిరంతరంగా ఎన్ని వాట్లు ఇస్తుందో అదే రాయాలన్నది దాని సారం. ఆ నియమానికి లోబడడం స్వచ్ఛందమే. పెట్టె మీద ఆ గుర్తు ఉంటే అంకెను నమ్మవచ్చు. లేకపోతే 'ఆర్.ఎం.ఎస్.' అన్న మాట పక్కన ఉన్న అంకెను వెదకాలి. 'మ్యాక్స్', 'పీక్' అన్నవాటిని చూడనట్టే ఉండాలి.

అంకె ఏదీ నమ్మకం కలిగించకపోతే ఫ్యూజు చూడమన్నాను మా అబ్బాయిని. అంగడివాడు పెట్టె మీద ఏమైనా ముద్రించుకోవచ్చు గానీ ఫ్యూజు అబద్ధం చెబితే డబ్బా కాలిపోతుంది. అతను చూసివచ్చిన ఆ వెయ్యి వాట్ల యంత్రానికి 20 ఆంపియర్ల ఫ్యూజు ఉంది. 20ని 13.8 వోల్టులతో గుణిస్తే లోపలికి పోయేది 276 వాట్లు. ఏబీ తరగతి ఆంప్లిఫయరులో అందులో సగానికి కొంచెం పైన ధ్వనిగా బయటికి వస్తుంది, తక్కినది వేడిగా పోతుంది. అరవై శాతం వేసుకొన్నా 165 వాట్లు. నాలుగు తలుపులకు పంచితే ఒక్కొక్కదానికి నలభై. వెయ్యి కాదు. నలభై వాట్లు చెడ్డవేమీ కావు. వెయ్యి పేరు చెప్పి నలభై అమ్మడమే చెడ్డది. ఆ లెక్క చీటీ మీద వేసి చూపిస్తే కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు.

స్పీకరు సంగతి క్లుప్తంగా చెబుతాను. శంకువు ఆకారపు కాగితాన్ని తీగచుట్ట కదిలించే నేటి స్పీకరుకు 1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు రూపం ఇచ్చారు. మరుసటి ఏడు అది అంగట్లోకి వచ్చినప్పుడు దానితో కలిసివచ్చిన ఆంప్లిఫయరు ఒక్క వాట్‌ది. స్పీకరు ముందు పుట్టే అల, వెనుక పుట్టే అల ఒకదానినొకటి మింగుకొంటాయని, మధ్యలో అడ్డుపలక ఉండాలని ఆనాడే గ్రహించారు. కారులో ఆ అడ్డుపలక తలుపే. మన అంబాసిడర్ల, పద్మినీల కాలంలో స్పీకర్లను వెనుక అద్దం కింది పలకకు కోడిగుడ్డు ఆకారంలో బిగించేవారు. డిక్కీ మొత్తం వాటికి పెట్టెలా పనిచేసేది. తలుపులో అలా కాదు. లోపలి రేకులో అరచేయంత రంధ్రాలుంటాయి, వాటి మీద పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ రంధ్రాలను గట్టి పలకతో మూసి, రేకు గలగలలాడకుండా బరువైన అంటుపట్టీలు వేయిస్తే అదే స్పీకరు నుండి రెట్టింపు గంభీరమైన నాదం వస్తుంది. వానాకాలంలో అద్దం మీది నీళ్ళు తలుపు లోపలికే దిగుతాయి కనుక అడుగున ఉన్న నీటి రంధ్రాలను మాత్రం మూయకూడదు.

అందుకే అతనికి నేను చెప్పిన పద్దు వేరు. నాలుగు చానళ్ళది, ఆర్.ఎం.ఎస్. లెక్కన ఒక్కొక్కటి యాభై వాట్లది చాలు. స్పీకరు మీద ఉన్న ఆర్.ఎం.ఎస్. అంకె కూడా అంతకు దగ్గరగా ఉండాలి. యాభై బదులు నూరు పెడితే రెట్టింపు మోగుతుందని అనుకోవద్దు. శక్తి రెట్టింపయితే పెరిగేది మూడు డెసిబెల్‌లే. చెవికి రెట్టింపనిపించాలంటే పదింతల శక్తి కావాలి. మన చెవిని సృష్టించినవాడు చాలా పొదుపరి. కడప ఎండలు నలభైమూడు దాటే ఊళ్ళో, సీటు కింద బిగించే యంత్రానికి డి తరగతిది మేలు. అందులో కరెంటులో ఎనభై శాతం దాకా ధ్వనిగా మారుతుంది, వేడి తక్కువ. కంపెనీ అమర్చిన డెక్కును మార్చకుండా ఉంచుకోవాలనుకొంటే స్పీకరు తీగలనే నేరుగా తీసుకొనే వసతి ఉన్నదా అని అడగాలి. ఎనభై హెర్ట్జ్‌ల కింది అలలను తలుపు స్పీకర్లకు పోకుండా ఆపే మీట ఉంటుంది. దాన్ని వేసి ఉంచాలి. ఆరంగుళాల కాగితం చేత భూకంపం పలికించాలని చూడడమే స్పీకర్లు చిరగడానికి ముఖ్యకారణం. 'గెయిన్' అన్న మర గొంతు పెంచడానికి కాదు, డెక్కు స్థాయికీ ఆంప్లిఫయరు స్థాయికీ పొత్తు కుదర్చడానికి. అది ఎక్కువైతే అల నెత్తి తెగిపోయి పాట గీరుకుపోతుంది. తీగ అసలైన రాగిదే కావాలి. రాగిపూత పూసిన అల్యూమినియం తీగ సగం ధరకు వస్తుంది, వోల్టులను దారిలోనే తినేస్తుంది. బ్యాటరీ నుండి మూరెడు లోపలే ఫ్యూజు ఉండాలి. ఇది పాట కోసం కాదు, కారు అంటుకోకుండా ఉండడం కోసం.

ఇంకొక మాట అతనికి గట్టిగానే చెప్పాను. బాడుగకు వచ్చినవారు గంటసేపు కూర్చొని దిగిపోతారు. రోజుకు పది గంటలు ఆ తలుపు పక్కన కూర్చొనేవాడు నడిపేవాడు. 85 డెసిబెల్‌లను ఎనిమిది గంటల వరకు చెవి ఓర్చుకొంటుందని ఆరోగ్యశాస్త్రజ్ఞుల లెక్క. ప్రతి మూడు డెసిబెల్‌లకూ ఆ కాలం సగమవుతుంది. నూరు డెసిబెల్‌ల దగ్గర మిగిలేది పావుగంట. ఇందాకటి లెక్క ప్రకారం తలుపు స్పీకరుకు పది వాట్లు ఇస్తే వచ్చేది ఆ నూరే. చెవిలో ముందుగా చచ్చిపోయేవి సన్నని ధ్వనులను పట్టే కణాలు. అవి పోయినవాడికి శబ్దం వినిపిస్తుంది, మాట అర్థం కాదు. వెనుక లారీ హారను మాత్రం ఆలస్యంగా తెలుస్తుంది. రాత్రి పదింటి నుండి ఉదయం ఆరింటి దాకా లౌడ్‌స్పీకర్లను నియంత్రించే చట్టం 2000 నుండీ ఉంది. 2005లో సుప్రీంకోర్టు దాన్ని మరింత బిగించింది. అది వీధి కోసం. కారు లోపలి చెవికి ఏ చట్టమూ కాపలా కాయదు.

అంగడిలో ఆంప్లిఫయరును ఎలా పరీక్షించాలన్నాడు. దుకాణాలలో దడదడలాడే పాట ఒకటి పెట్టి గుండెలదరగొడతారు. దానిలో మంచిచెడ్డలు తెలియవు. ఘంటసాల పాడిన కరుణశ్రీ 'పుష్పవిలాపం' పెట్టించమన్నాను. గొంతు ఒకటే, వాద్యాలు తక్కువ, ప్రతి అక్షరానికీ చోటుంది. అచ్చుల బలమంతా కింది స్థాయి ధ్వనులలో ఉంటుంది, స, శ, ష వంటి ఊష్మాలది నాలుగు వేల హెర్ట్జ్‌లకు అటూ ఇటూ ఉంటుంది. శకార సకారాలు వేరువేరుగా వినబడాలి. పకారానికీ ఫకారానికీ తేడా తెలియాలి. గొంతు పెంచినకొద్దీ సకారం ఈలలా మారితే ఆ యంత్రాన్ని అక్కడే వదిలిరావచ్చు. సురభివారి కాలంలో చివరి వరుసకు చేరక రాలిపోయిన హల్లులను చేర్చడమే ధ్వనివర్ధకం అసలు పని. మా అబ్బాయి పద్యం పెట్టమంటే అంగడాయన వింతగా చూశాడట. మూడు యంత్రాలు విని, నాలుగు యాభైల డి తరగతిది ఒకటి తీసుకొన్నాడు. వెయ్యి వాట్లదానికంటే రెండు వేలు ఎక్కువైంది. ఆ రెండు వేలకోసం ఇంకో నెల ఆగి కొన్నాడు. తలుపులకు అంటుపట్టీలు వేయించడం ఇంకా మిగిలే ఉంది. ముందు రెండు తలుపులకైనా ఈ ఉరుసు బాడుగలతో వేయిస్తానన్నాడు.